కొండ సమాధి ముందు నిలబడ్డవాడు

చాలా కాలం కిందట పారశీక భూముల్లో అర్దషాన్ అనే రాజు ఉండేవాడు. తూర్పున సింధునది ఒడ్డు నుంచి పడమట సముద్రం దాకా ఆయన మాటకు ఎదురు లేదు. మాటకు ఎదురు లేని మనిషికి వచ్చే జబ్బు ఒకటుంది. అది ఆయనకు బాగా ముదిరింది. ఎవరైనా పొరపాటున తన నీడ తొక్కితే కూడా ఆయన ముఖం ఎర్రబడేది.

ఆ కొలువులో మహియార్ అనే కథకుడు ఉండేవాడు. రాజు భోజనానికి కూర్చుంటే పక్కన నిలబడి కథ చెప్పాలి, పరదేశపు దూతలు బిగుసుకుపోయి కూర్చుంటే నవ్వించాలి. అదీ అతని ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట మాత్రం మహా వాడి. ఆ మాటే తమ ఇంటికి అన్నం పెడుతోందనీ, ఏదో ఒకనాడు ఆ మాటే కొంప ముంచుతుందనీ అతని భార్య వర్దాకు రెండూ తెలుసు.

ఒకసారి రాజు వేట నుంచి వస్తూ తన తాతగారి సమాధి దగ్గర ఆగాడు. మైదానం మధ్యన, పెద్ద పెద్ద రాతి మెట్ల దిమ్మె మీద, వాలు కప్పుతో ఉన్న చిన్న రాతి ఇల్లు అది. వాకిలి ఎంత పొట్టిదంటే ఎంతటివాడైనా నడుం వంచితేగాని లోపలికి పోలేడు. అలంకారం లేదు, బొమ్మ లేదు. రాయి మీద రాయి, అంతే.

రాజు వెళ్ళేసరికి ఆ మెట్ల నిండా మేకలు పడుకుని ఉన్నాయి. ఒక మేక ఏకంగా కప్పు మీదికెక్కి నెమరు వేస్తోంది.

రాజు చాలాసేపు ఆ మేకనే చూశాడు. "లోకాన్ని గెలిచినవాడి నెత్తి మీద మేక," అన్నాడు చివరికి.

"తాతగారికి అభ్యంతరం ఉన్నట్టు లేదు ప్రభూ," అన్నాడు మహియార్.

రాజు నవ్వలేదు. "నా సమాధి మైదానంలో ఉండదు. మేక కాదుగదా, మనిషి కూడా ఎక్కలేని చోట ఉంటుంది," అన్నాడు.

అలా మొదలైంది కొండ సమాధి పని.

రాజధానికి కొంచెం దూరంలో నిటారుగా గోడలా నిలబడ్డ కొండ ఒకటుంది. దాన్ని ఎంచుకున్నారు. కట్టడం కాదది, తొలచడం. పనివాళ్ళు కొండ నెత్తి నుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. ఇంకా చెక్కని రాయే వాళ్ళకు నిలబడే నేల. పై భాగం పూర్తయ్యాక ఆ నేలను కూడా తొలిచి, ఇంకొంచెం కిందికి దిగేవారు. అందుకని అన్నిటికంటే ముందు బయటపడింది రాజుగారి బొమ్మే. చేతిలో విల్లు పట్టుకుని, అగ్నివేదిక ఎదుట నిలబడ్డ అర్దషాన్. కింద సమాధి ఇంకా లేదు, పైన రాజు మాత్రం తయారు.

రాజు కాళ్ళ కింద పెద్ద సింహాసన వేదిక. ఆ వేదికను రెండు చేతులూ పైకెత్తి మోస్తున్న మనుషులు, రెండు వరసలుగా. రాజు ఏలే ఒక్కో దేశం నుంచి ఒక్కొక్కడు. ఒకడికి కోసుగా మొనదేలిన టోపీ, ఒకడికి మోకాళ్ళ దాకా తోలు జోళ్ళు, సింధుదేశం వాడికి ఒంటి మీద చొక్కా లేదు, నడుముకు పంచె. దాని కింద ఎద్దు తలల స్తంభాలు, వాటి మధ్య నల్లటి వాకిలి. లోపల శవపేటిక పెట్టడానికి రాతిలోనే తొలిచిన తొట్టి. వాకిలికి కింద మళ్ళీ నున్నటి గోడ. తాడు కట్టి పైకి లాగితే తప్ప అక్కడికి ఎవరూ చేరలేరు.

ఈ పని మీద పెత్తనమంతా మహామంత్రి విందాద్‌ది. రాజు తుమ్మితే తన ముక్కు తుడుచుకునే రకం. మోసేవాళ్ళ బొమ్మలు చెక్కేముందు అతను రాజు దగ్గరకు వచ్చి, "ప్రభూ, వీళ్ళందరి తలలూ వంచి, నడుములు వంచి చెక్కిస్తే భక్తి బాగా కనిపిస్తుంది," అన్నాడు.

రాజు అతను చూపిన నమూనా గీత చూసి విసుక్కున్నాడు. "నడుములు వంచితే నా సింహాసనం ఒరగదా? తిన్నగా నిలబెట్టి చెక్కమను."

అలాగే చెక్కారు.

బొమ్మలు పూర్తవగానే విందాద్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ కొండ కింద దారి ఉంది. జోయాబ్ అనే పల్లెవాళ్ళు ఊట నీళ్ళకు పోవాలన్నా, మేకలను తోలుకోవాలన్నా ఆ దారే. వాళ్ళకు వేరే నీళ్ళు లేవు. "రాజుగారి రూపం పైన నిలబడి ఉంటే, కింద జనం తల ఎగరేసుకుని పోవడమా?" అన్నాడు మంత్రి. రాజుకు ఆ మాట నచ్చింది. ఆ దారిన పోయేవాళ్ళెవరైనా సమాధి ఎదుట ఆగి నొసలు నేలకు తాకించి పోవాలని దండోరా వేశారు. భటులను కాపలా పెట్టారు. ఒంగనివాళ్ళను బంధించడానికి దారి పక్కనే మట్టి ఇటుకలతో ఒక కొట్టు కట్టారు.

మహియార్‌కు ఆ కొండ దగ్గరికి వెళ్ళడం అలవాటు. శిల్పులతో కబుర్లు చెప్పేవాడు, జోయాబ్ నుంచి మజ్జిగ తెచ్చి అమ్మే నూషీ దగ్గర ఓ ముంత తాగేవాడు. నూషీ విధవరాలు, గట్టి మనిషి. నెత్తి మీద కుండ పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ, ఎవరో తరుముతున్నట్టు నడిచేది.

దండోరా వేసిన మరునాడు కూడా అతను వెళ్ళాడు. భటులు చూస్తున్నారు గదా అని సమాధి ముందు మోకరిల్లి, నొసలు నేలకు తాకించి లేచాడు. మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ ఉండగా నూషీ వచ్చింది, నెత్తి మీద నిండు కుండతో.

"ఆగు. దండం పెట్టు," అన్నాడు భటుడు.

"నెత్తి మీద మజ్జిగుంది నాయనా. ఒంగితే ఒలికిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు పెడతాలే."

"దించి పెట్టు."

"ఇది దించాలంటే ఇంకో మనిషి సాయం పట్టాలి. నువ్వు పడతావా?"

భటుడు సాయం పట్టలేదు. ఈటె కర్రతో కుండను ఒక్క పోటు పొడిచాడు. మజ్జిగ ఆమె ముఖం మీంచి, భుజాల మీంచి కారిపోయింది. నూషీ తల తుడుచుకోలేదు. ఆ భటుడి కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడింది. ఆమెను మెడ పట్టి ఒంచబోయారు. ఒంగలేదు. ఈడ్చుకుపోయి కొట్టులో పెట్టి బయట గడియ వేశారు.

మహియార్ నోరు తెరవబోయాడు. పదిమందిని నవ్వించే ఆ నోటికి ఆ క్షణాన ఒక్క మాట దొరకలేదు. తన నొసటి మీద అంటుకున్న మట్టి చేతికి తగిలింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. సమాధి ఎదుట దారి మధ్యలో నిలబడ్డాడు. భటులు ఒంగమన్నారు. అతను ఒంగలేదు. కొలువులో మనిషి కాబట్టి కొట్టులో పెట్టడానికి భయపడి నేరుగా రాజు ఎదుటికి తీసుకుపోయారు.

రాజు ఆశ్చర్యపోయాడు. "నా సమాధికి దండం పెట్టనన్నావట?"

"పెట్టనన్నాను ప్రభూ."

"ఎందుకని?"

"సమాధికి దండం పెడితే, లోపల ఉన్నవాడికి పెట్టినట్టు. లోపల ఎవరున్నారు? తమరు ఇక్కడ నా ఎదుట నిక్షేపంగా కూర్చుని ద్రాక్షపళ్ళు తింటున్నారు. తమరు బతికుండగానే తమరి గోరీకి నేను మొక్కితే, త్వరగా రండి అని పిలిచినట్టు కాదా? మొన్నటి నుంచి ఆ దారిన పోయే ప్రతివాడి చేతా మంత్రిగారు ఆ పిలుపే పిలిపిస్తున్నారు."

సభలో ఎవరో గొంతు సవరించుకున్నారు. రాజు చేతిలో ద్రాక్షపండు నోటి దాకా వచ్చి ఆగింది. ఆయన మెల్లగా విందాద్ వైపు తిరిగాడు.

విందాద్ ముఖం పాలిపోయింది గాని, తేరుకున్నాడు. "ప్రభూ, ఇతను మాటలమారి. మేము మొక్కమన్నది వాకిలికి కాదు, పైన ఉన్న తమరి రూపానికి. తమరు చిరంజీవులై ఉండగా తమరి రూపానికి మొక్కడం తప్పెలా అవుతుంది?"

రాజుకు ప్రాణం కుదుటపడింది. పండు నోట్లో వేసుకున్నాడు. "విన్నావుగా," అన్నాడు మహియార్‌తో.

మహియార్ మంత్రి వైపు తిరిగాడు. "సరే, రూపానికే అనుకుందాం. మరి నెత్తి మీద కుండ ఉన్న ఆడమనిషి ఏం చేయాలి మంత్రిగారూ?"

"బరువు ఒక సాకు కాదు. నెత్తి మీద ఏమున్నా ఒంగవలసిందే."

"భుజం మీద ఉంటే?"

"భుజం మీద ఏమున్నా సరే."

"రాజుగారి సొమ్మే మోస్తున్నారనుకోండి. అది కింద పడితే?"

విందాద్ ఎగతాళిగా నవ్వాడు. "రాజుగారి రూపం కంటే రాజుగారి సొమ్ము గొప్పదా? ఎవరైనా, ఏం మోస్తున్నా, నొసలు నేలకు తాకించాలి. లేవమని చెప్పేదాకా లేవకూడదు. ఇందులో మినహాయింపు లేదు."

"ప్రభువుల మాట కూడా ఇదేనా?" అని అడిగాడు మహియార్.

"నా మాట కూడా ఇదే," అన్నాడు రాజు. "ఇంకా విను. పైవారం సమాధి పూర్తయిన పండగ. అన్ని దేశాల దూతలూ వస్తున్నారు. నువ్వు వాళ్ళందరి ముందూ ఒంగి దండం పెట్టాలి. పెట్టకపోతే ఉప్పు ఎడారికి పోతావు. అక్కడ నీ కథలు ఎవరు వింటారో చూస్తాను."

ఉప్పు ఎడారికి పంపినవాళ్ళలో తిరిగి వచ్చినవాడు లేడు. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు.

విందాద్‌కు ఉత్సాహం వచ్చింది. "ఆ రోజు తమరిని పైన రాతిలో ఉన్నట్టుగానే తీసుకుపోదాం ప్రభూ. సింహాసనం మీద తమరు, కింద భుజాల మీద మోసే బోయీలు. పైన ఎలాగో కింద అలాగే. చూసినవాళ్ళు జన్మలో మరచిపోరు."

"బాగుంది," అన్నాడు రాజు.

మహియార్ ఆ మాట విన్నాడు. తల పంకించి బయటికి వచ్చేశాడు.

ఇంటికి వెళ్తే వర్దా అప్పటికే అంతా విని ఉంది. రొట్టెలు కాలుస్తూ అతని వైపు తిరగకుండానే అడిగింది. "ఒంగితే ఏం పోతుంది? రోజూ కొలువులో ఒంగట్లేదా?"

"కొలువులో ఒంగేది మనిషికి. అన్నం పెడుతున్నాడు, ఒంగుతున్నాను."

"ఇది రాయి. రాయికి నువ్వు ఒంగావో లేదో కూడా తెలీదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని కానిచ్చెయ్యి."

"ఒకసారి కానిచ్చాను వర్దా. లేచి చూసేసరికి నూషీ అక్క నిలబడి ఉంది. ఆవిడ ముఖం నిండా మజ్జిగ. మట్టి మాత్రం నా ముఖం మీదే ఉంది."

వర్దా రొట్టె తిప్పడం మరచిపోయింది. మాడు వాసన వచ్చాక తీసి పక్కన పెట్టింది. "ఎడారికి నేనూ వస్తాను," అంది. "ఒక్కడివే పోతే అక్కడి ఉప్పుకు కూడా కథలు చెప్పి చంపుతావు."

పండగ రోజు పొద్దున మహియార్ బోయీల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ పెద్ద మర్దాన్ సింహాసనపు బొంగులకు తోలుపట్టీలు బిగిస్తున్నాడు. మెడ మీద బరువు మోసి మోసి కాయలు కాసిన మనిషి.

"మర్దాన్, ఇవాళ సమాధి ముందు అందరినీ ఒంగమంటారు. మీరేం చేస్తారు?"

మర్దాన్ పట్టీ బిగించడం ఆపాడు. "అదే పొద్దున్నుంచీ మావాళ్ళం అనుకుంటున్నాం. కొలువులో అన్న మాటలతో మొన్న మళ్ళీ వేసిన దండోరా నేనూ విన్నాను. భుజం మీద ఏమున్నా సరే అన్నారు. రాజుగారి సొమ్మైనా సరే అన్నారు. ఒంగితే ఒక చావు, ఒంగకపోతే ఒక చావు."

"ఆజ్ఞ ఏమంటోంది?"

"ఒంగమనే అంటోంది."

"ఆజ్ఞ పాటించినవాడికి ఎవరైనా శిక్ష వేస్తే, నేను అడ్డం నిలబడతాను. నేను ఎలాగూ నిలబడే ఉంటాను, అది నీకు తెలుసు," అన్నాడు మహియార్. "ఒక్కటే మాట. దెబ్బ తగలకూడదు. వెనకవాళ్ళను మెల్లగా దిగమను."

"నూషీ మా మేనత్త కూతురు," అన్నాడు మర్దాన్. మళ్ళీ పట్టీ బిగించుకోసాగాడు.

ఎండ ఎక్కేసరికి కొండ కింద జనం కిక్కిరిసిపోయారు. దూతలు ఒక పక్క, సేనానులు ఒక పక్క, జోయాబ్ పల్లెవాళ్ళు భటుల ఈటెల వెనక. పైన రాతి రాజు మీద సూర్యుడు పడి, కొండంతా ఎర్రగా వెలిగిపోతోంది. బాకాలు మోగాయి. బోయీల భుజాల మీద బంగారు సింహాసనం వచ్చింది. అందులో అర్దషాన్ మహారాజు, చేతిలో విల్లు పట్టుకుని, పైన రాతిలో ఉన్నట్టే గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. సరిగ్గా బొమ్మకు ఎదురుగా, అందరికంటే ముందు, ఆయన్ను నిలిపారు.

మహియార్‌ను తెచ్చి రాజుకు దగ్గరగా, అందరికీ కనిపించేలా నిలబెట్టారు. అతను కాలి వేళ్ళతో నేలను గట్టిగా పట్టి నిలబడ్డాడు.

దండోరావాడు గొంతెత్తి ఆజ్ఞ చదివాడు. ఎవరైనా సరే. నెత్తి మీద ఏమున్నా, భుజం మీద ఏమున్నా సరే. నొసలు నేలకు తాకించాలి. లేవమనేదాకా లేవకూడదు.

"కథకుడా, నువ్వు మొదట," అన్నాడు విందాద్.

"నేను మొదటా?" అన్నాడు మహియార్. "నాకంటే ముందు నిలబడి ఉన్న పెద్దమనుషులు ఉన్నారు. దూతలున్నారు, సేనానులున్నారు, తమరున్నారు. తమరందరూ నిలబడి ఉండగా నేను ముందు ఒంగితే, ఆ గౌరవం నేను కాజేసినట్టవుతుంది."

విందాద్‌కు ఒళ్ళు మండింది. పరదేశపు దూతల ముందు వాదనేమిటని, చేయి పైకెత్తి అరిచాడు. "అందరూ ఒక్కసారే ఒంగండి. ఇక్కడ ఒక్క తల కూడా పైన ఉండకూడదు. లేవమని నేను చెప్పాలి, అప్పుడే లేవాలి." అని, అందరికంటే ముందు తానే దబ్బున సాష్టాంగపడ్డాడు.

దూతలు ఒంగారు. సేనానులు ఒంగారు. భటులు ఈటెలు పక్కన పెట్టి ఒంగారు. పల్లెవాళ్ళు ఒంగారు. దండోరావాడు ఒంగాడు. మైదానమంతా వీపులే.

మర్దాన్ ఒక్క క్షణం మహియార్ వైపు చూశాడు. తర్వాత, "ఆజ్ఞ," అని మెల్లగా అని, మోకాళ్ళ మీదికి దిగి, నొసలు నేలకు తాకించాడు. అతని వెంట ముందు వరస బోయీలంతా దిగారు. వెనకవాళ్ళు నెమ్మదిగా దిగారు.

సింహాసనం ముందుకు వాలింది. పట్టు పరుపు మీద కూర్చున్న మహారాజు, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, జారుడుబండ మీద నుంచి జారినట్టు జారి, దుమ్ములో చతికిలపడ్డాడు. విల్లు ఒక పక్కకు, కిరీటం ఇంకో పక్కకు పోయాయి.

ఎవరూ తల ఎత్తలేదు.

రాజు గడ్డానికి దుమ్ము, కళ్ళల్లో దుమ్ము. బరువైన పండగ బట్టల్లో కాళ్ళు చిక్కుకుని లేవలేకపోయాడు. అటూ ఇటూ చూశాడు. ఎటు చూసినా వీపులు. నిలబడి ఉన్నది మహియార్ ఒక్కడే.

"నేను పడ్డాను," అని గొణిగాడు రాజు, నమ్మలేనట్టు.

"అవును ప్రభూ."

"ఎవరైనా చూశారా?"

"నేను ఒక్కణ్ణే చూశాను. మిగతావాళ్ళంతా ఆజ్ఞ పాటిస్తున్నారు."

రాజు కళ్ళల్లో నిప్పులు రాలాయి. మెడలు నరికిస్తాననబోతున్నాడు. అంతలో పక్కనే దుమ్ములో ముఖం పెట్టుకుని ఉన్న విందాద్ గొంతు వినిపించింది. రాజు పడ్డ చప్పుడు జనం నొసళ్ళు నేలకు తగిలిన చప్పుడనుకున్నాడు పాపం. "ఆహా, ఏం భక్తి ప్రభూ. నేల అదిరిపోయింది. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా తాకించండి."

రాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

మహియార్ కొండ వైపు చేయి చూపించాడు. "ప్రభూ, కోపం తెచ్చుకునే ముందు ఒక్కసారి పైకి చూడండి. తమరి సింహాసనాన్ని మోస్తున్న ఆ రాతి మనుషుల్లో ఒక్కడైనా ఒంగి ఉన్నాడా? తిన్నగా నిలబెట్టమన్నది తమరే. ఒంగితే సింహాసనం ఒరుగుతుందన్నారు. రాతి మనుషుల గురించి అంత బాగా తెలిసిన ప్రభువులు, ప్రాణమున్న మనుషుల గురించి ఎందుకు మరచిపోయారు? ఇక్కడ పడుకున్నవాళ్ళు కూడా తమరిని మోస్తున్నవాళ్ళే. సేనలో ఉన్నవాడు, మేకలు కాసేవాడు, కుండ మోసే ఆడమనిషి. అందరినీ ఒక్కసారి ఒంచారు. ఏమైందో తమరే చూశారు."

రాజు పైకి చూశాడు. కోసుటోపీవాడు, తోలు జోళ్ళవాడు, పంచె కట్టినవాడు, చేతులెత్తి నిటారుగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మీద నిలబెట్టిన తన బొమ్మ చెక్కు చెదరకుండా ఉంది. కిందికి చూశాడు. తన చుట్టూ వీపులు, మధ్యలో తను, దుమ్ములో.

"నువ్వెందుకు ఒంగలేదు?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"నేనూ ఒంగి ఉంటే, ఇప్పుడు తమరికి చేయి ఎవరు ఇస్తారు?" అని మహియార్ ముందుకు వచ్చి చేయి చాచాడు.

రాజు ఆ చేతి వైపు చూశాడు. పట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "ఇంకా గట్టిగా," అని మళ్ళీ అన్నాడు విందాద్, దుమ్ములోంచి.

అంతే, రాజుకు నవ్వొచ్చింది. మొదట ముక్కుతో నవ్వాడు, ఆపుకోబోయాడు. ఆగలేదు. పొట్ట పట్టుకుని, గడ్డంలో దుమ్ము రాలేలా నవ్వాడు.

"లేవండి, అందరూ లేవండి," అన్నాడు.

జనం లేచారు. రాజు నేల మీద, కిరీటం లేకుండా, కథకుడి చేయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మర్దాన్ మాత్రం చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"ఎందుకు ఒంగావు?" అని అడిగాడు రాజు.

"ఆజ్ఞ ప్రభూ. భుజం మీద ఏమున్నా సరే అన్నారు."

"నా మాటే అది," అన్నాడు రాజు. "ఇప్పుడు ఇంకో మాట విను. ఇవాళ్టి నుంచి ఈ దారిన పోయేవాడెవడూ ఈ కొండకు ఒంగనక్కరలేదు. కాపలా కూడా అక్కరలేదు. దీన్ని దండోరా వేయించవయ్యా విందాద్, ముందు నీ ముఖం కడుక్కో."

తర్వాత మహియార్ వైపు తిరిగి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"తమరు కొంచెం దూరం నడవాలి ప్రభూ. నా వెంట."

రాజు జన్మలో ఎవరి వెంటా నడవలేదు. అయినా నడిచాడు. దారి పక్కనున్న మట్టి కొట్టు దాకా మహియార్ తీసుకుపోయాడు. కాపలా భటులు పండగలో ఉన్నారు. తలుపుకు బయట గడియ వేసి ఉంది.

"తీయండి ప్రభూ," అన్నాడు మహియార్.

రాజుకు ఇంతవరకూ తలుపులు ఇంకొకరు తీసేవారు. గడియను అటు లాగాడు, ఇటు లాగాడు. అది కదల్లేదు.

లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది. "అట్లా కాదు నాయనా. పైకెత్తి, నీ వైపుకు లాగు. రోజూ ఆ భటుడూ ఇట్లాగే తంటాలు పడతాడు."

రాజు పైకెత్తి తన వైపుకు లాగాడు. తలుపు తెరుచుకుంది. నూషీ ఎండకు కళ్ళు చికిలించుకుంటూ గడపలో నిలబడింది. ఎదురుగా దుమ్ము కొట్టుకుపోయిన మనిషి, కిరీటం లేదు, విల్లు లేదు.

"కొత్తగా చేరావా కాపలాకు?" అని అడిగింది.

"ఇవాళే," అన్నాడు రాజు.

"నిన్ను కూడా ఒంగబెట్టినట్టున్నారే. ముఖం నిండా మట్టే. కాస్త పక్కకు జరుగు, నా మేకలు ఏమైపోయాయో చూసుకోవాలి."

అర్దషాన్ మహారాజు దారికి అడ్డం తొలగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నూషీ ఆయన పక్కనుంచి, చేతులు ఊపుకుంటూ, తన మామూలు నడకతో వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా రాజు చూస్తూనే ఉన్నాడు. తర్వాత మళ్ళీ నవ్వు మొదలైంది ఆయనకు. ఈసారి కథకుడు కూడా కలిశాడు.

ఆ సాయంత్రం కొలువులో రాజు తన మెడలోని హారం తీసి మహియార్‌కు వేశాడు. జోయాబ్‌వాళ్ళకు ఊట దాకా దారి బాగుచేయించాడు. విందాద్‌ను మంత్రి పదవి నుంచి తీసివేయలేదుగాని, బోయీలతో పాటు ఒక పూట సింహాసనం మోయించాడు. మోసినంతసేపూ అతను నడుం వంచలేదని, ఎంతో తిన్నగా నడిచాడని మర్దాన్ అందరికీ చెప్పేవాడు.

ఆ హారం వర్దా మెడలోకి చేరింది. అది వేసుకుని ఆవిడ నీళ్ళకు బయల్దేరితే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ఇంత నగ ఎక్కడిదని అడిగేవారు. "మా ఆయన ఒకరోజు ఊరికే నిలబడ్డాడు, అందుకిచ్చారు," అని చెప్పి, కుండ ఎత్తుకుని పోయేది.